క్రిములు మెచ్చిన పౌడరు

గౌరీశంకరానికి ఈ భూమ్మీద నచ్చినవి బహు తక్కువ. వాటిలో మనుషులు లేరు. అమలాపురంలో ఓ కాలేజీలో బోటనీ లెక్చరరుగా చేసేవాడు. పాఠం మధ్యలో పుస్తకం మూసి, బెంచీల మీద కూర్చున్న కుర్రాళ్ళ వంక చూసి, "మీకెందుకర్రా ఈ చదువు, వెళ్ళి కొబ్బరికాయలు ఒలుచుకోండి" అనేవాడు. ప్రిన్సిపాలుకి ఇంగ్లీషు రాదనేవాడు. హోటలుకి వెళితే ఇడ్లీని, ఇడ్లీ తెచ్చినవాణ్ణి, పక్క బల్ల దగ్గర అదే ఇడ్లీని లొట్టలేసుకుంటూ తింటున్నవాణ్ణి కూడా చీదరించుకుని గాని లేచేవాడు కాదు. పోనీ దుర్మార్గుడా అంటే, అబ్బే, ఒక్కరికి హాని తలపెట్టిన పాపాన పోలేదు. తనకి తెలిసింది ఎదటివాడికి తెలియకపోతే అది వాడు పనిగట్టుకుని చేసిన నేరమని అతని నమ్మకం. అలాంటి నమ్మకం పెట్టుకున్నవాడు పాఠాలు చెప్పే ఉద్యోగంలో ఎందుకు చేరాడో ఆ దేవుడికే తెలియాలి.

ఎనభై మూడో సంవత్సరం, చలి తగ్గుతున్న రోజులు. ఓ సాయంత్రం కాలేజీ నుంచి ఇంటికొచ్చేసరికి వసారాలో బల్ల మీద ఓ రేకు డబ్బా కనిపించింది. దాని మీద లంగోటీ కట్టిన వస్తాదు బొమ్మ. వాడి జబ్బలు గుమ్మడికాయల్లా ఉన్నాయి. బొమ్మ కింద ఎర్రక్షరాలతో 'బలభీమ ప్రోటీన్ పౌడరు' అని రాసుంది.

"ఏమిటే ఇది?" అన్నాడు శంకరం, చెప్పులైనా విప్పకుండా.

"పౌడరు అన్నయ్యా. పిల్లాడికి" అంది శారద.

శారద అతని చెల్లెలు. పురిటికని రాజోలు నుంచి పుట్టింటికొచ్చింది. కొడుకు పుట్టిన కొద్దిరోజులకే టైఫాయిడ్ తగిలింది. ఆ జ్వరంతోనే పాలు ఎగిరిపోయాయి. పిల్లాడు పోతపాలతో పెరుగుతున్నాడు గాని ఒంటికి పట్టడం లేదు. అత్తగారు మొన్నామధ్య చూడ్డానికొచ్చి, పక్క మీద పడుకున్న మనవణ్ణి ఎగాదిగా చూసి, "ఎలకపిల్లని కన్నావేమే" అని ఓ మాటనేసి, కాఫీ తాగి వెళ్ళిపోయింది. ఆ మాట శారద గుండెల్లో దిగబడిపోయింది. అన్నప్రాశన రాజోల్లో చెయ్యాలి. నలుగురూ వస్తారు. ఆనాటికి పిల్లాడు కాస్త బుగ్గలు వచ్చి, బొద్దుగా కనబడాలి. ఆ పిల్లకి తిన్నా పడుకున్నా అదే ధ్యాస.

"ఎక్కడ దొరికింది నీకు ఈ దరిద్రం?"

"మాణిక్యాలరావు గారి షాపులో. బలమట. మస్కట్లో అందరూ ఇదే పడతారట."

"ఎవరికే బలం? నీ కొడుక్కా, మాణిక్యాలరావుకా?"

మాణిక్యాలరావు సంగతి ఊరందరికీ తెలుసు. ఒకప్పుడు రావులపాలెంలో లారీలకి అరటిగెలలు ఎత్తినవాడు. మస్కట్ వెళ్ళి కొన్నాళ్ళు కష్టపడి, వచ్చి, బస్టాండు దగ్గర అద్దాల షాపు పెట్టాడు. సెంటు సీసాలు, టేపురికార్డర్లు, నైలాన్ చీరలు, ఇప్పుడీ పౌడరు డబ్బాలు. అక్షరమ్ముక్క రానివాడు మేడ కట్టాడనేది శంకరానికి ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. పైకి మాత్రం అది సైన్సు మీద అభిమానం అనుకునేవాడు.

ఇంతలో వంటింటి గడప అవతల నుంచి తల్లి శేషమ్మ గొంతు వినిపించింది. "ఒరేయ్ శంకరం, ఆ డబ్బా ఎవరు తాకేరో, అందులో ఏం కలిపేరో మనకేం తెలుసురా. పిల్లాడికి పడితే పట్టుకోమన్నాను గాని, గడప దాటి లోపలికొస్తే మాత్రం నేనూరుకోను."

ఆ ఇంట్లో ఆవిడ మాటంటే మాటే. తెల్లారగట్ల స్నానం చేసి మడి కట్టుకుందంటే మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా పొయ్యి దరిదాపులకి ఎవరూ వెళ్ళకూడదు. సాయంత్రం మళ్ళీ అదే తంతు. కాబట్టి శారదకి వేణ్ణీళ్ళు దొరికేది రోజుకి ఒక్కసారే, తల్లి మడి కట్టుకోకముందు. రెండ్రోజులుగా ఆ నీళ్ళు వసారాలోకి తెచ్చుకుని, ఇత్తడి మరచెంబులో పోసి, పౌడరు వేసి గిలక్కొట్టేది. మర బిగించేది. పిల్లాడికి చల్లారిపోయింది పట్టకూడదు కదా అని చెంబుకి పాత దుప్పటిముక్క చుట్టబెట్టి మూల పెట్టేది. పొద్దుణ్ణించి దీపాలవేళ దాకా ఉగ్గుగిన్నెలోకి కాసిని కాసిని వంచుకుని పట్టేది. ఆఖరి చుక్క దాకా పట్టేది. మస్కట్ మందు పారబోస్తుందా ఎక్కడైనా!

శంకరం ఆ దుప్పటిముక్క వంక చూశాడు. చెంబు వంక చూశాడు. చూడగానే అతనికి సంగతంతా అర్థమైపోయింది. అందులో సందేహం లేదు, చదువుకున్నవాడే. గోరువెచ్చటి నీళ్ళు, అందులో తిండి, పైన దుప్పటి. కంటికి కనబడని క్రిములకి ఇంతకన్నా మంచి పుట్టిల్లు దొరకదు. అప్పటికప్పుడు కలిపి తాగిస్తే ఆ పౌడరు వల్ల చావూ లేదు బతుకూ లేదు. నిలవుంచితేనే ముప్పు. ఎప్పటికప్పుడు కలుపుకో అమ్మా, గంట దాటితే పారబొయ్యి, చెంబు మరిగే నీళ్ళతో కడుగు. ఈపాటి ముక్క చెబితే సరిపోయేది.

చెప్పాడా? చెప్పలేదు. వీళ్ళకి చెబితే మాత్రం అర్థమై చస్తుందా అనుకున్నాడు.

"తీసుకెళ్ళి కాలవలో పారెయ్యి ఈ చెత్తని" అన్నాడు.

శారద కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పారేస్తే వాడికేం పట్టమంటావు? నువ్వేవైనా తెచ్చిచ్చేవా ఏనాడైనా? వచ్చినప్పట్నించీ తిట్లే గదా తెచ్చిస్తున్నావు."

"మూర్ఖుల కొంపలో పుట్టడం నాదే తప్పు" అని శంకరం చెప్పులతోనే గిరుక్కున తిరిగి వీధిలోకి వెళ్ళిపోయాడు.

వెళ్ళినవాడు ఊరికే వెళ్ళలేదు. నేరుగా బస్టాండుకెళ్ళాడు. మాణిక్యాలరావు కౌంటరు వెనకనించి లేచి నిలబడి దణ్ణం పెట్టాడు.

"రండి మేస్టారండీ, రండి. ఇన్నాళ్ళకి మా షాపు గుర్తొచ్చిందాండీ. కూర్చోండి, సోడా తెప్పిస్తానండి."

"నీ సోడా నువ్వే తాగు. ఆ పౌడరులో ఏముందో తెలుసా నీకు?"

"బలవేనండి. డబ్బా మీద రాసుందంట గదండీ."

"ప్రోటీన్ అంటే ఏమిటో తెలుసా?"

"తవరికి తెలుసు గదండీ, మాకెందుకండీ" అన్నాడు మాణిక్యాలరావు, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా. ఆ వినయం చూసేసరికి శంకరానికి ఒళ్ళు మండిపోయింది. తిట్టినవాణ్ణి తిరిగి తిడితే ఓ అందం. ఇలా చేతులు కట్టుకుంటే ఏం చేస్తాం?

"శనివారం మా కాలేజీలో సైన్సు ఎగ్జిబిషన్ ఉంది. రా. ఊరందరి ముందూ నీ పౌడరు బండారం బయటపెడతాను. ఆ తర్వాత ఈ డబ్బాల్లో బియ్యం పోసుకోవాలి నువ్వు."

"ఆయ్, తప్పకుండా వస్తానండి. తవరంతటోరు పిలిస్తే రాకుండా ఉంటానాండీ?"

శంకరం తనూ ఓ డబ్బా కొన్నాడు. దాన్ని చంకలో పెట్టుకుని వస్తుంటే చచ్చిన కుక్కని మోస్తున్నట్టు మొహం పెట్టాడు.

ఇక ప్రయోగం. ఆ వారం అంతా శంకరం లాబరేటరీలోనే కాపరం పెట్టాడు. తోడుగా అటెండరు ఏసుదాసు. రెండు గాజు బుడ్డీల్లో కాచి చల్లార్చిన నీళ్ళు పోశారు. ఒకదాంట్లో బలభీమ కలిపారు, రెండోది వట్టి నీళ్ళు. రెండింటిలోనూ కాలవ నీళ్ళు ఓ చుక్క వేశారు. కాలవ నీళ్ళంటే అందులో లేని క్రిమి లేదు. సముద్రపు నాచుతో చేసే జిగురొకటి ఉంటుంది, దాన్ని కాచి మూత ఉన్న గాజు పళ్ళాల్లో పోస్తే పెరుగు పేరుకున్నట్టు పేరుకుంటుంది. రోజూ పొద్దున్నే ఆ బుడ్డీల్లోంచి ఓ చుక్క తీసి ఆ జిగురు మీద రాసేవాడు. బతికున్న క్రిమి ఉంటే అక్కడ తెల్లటి మచ్చ లేస్తుంది. లేకపోతే లేదు. మచ్చలు చూస్తే చాలు, నీళ్ళలో ఎన్ని బతికున్నాయో తెలిసిపోతుంది.

వట్టి నీళ్ళలో క్రిములు తిండి లేక మాడాయి. రోజురోజుకీ మచ్చలు పలచబడి, ఆఖరికి పళ్ళెంలో అక్కడోటి ఇక్కడోటి మిగిలాయి. బలభీమ నీళ్ళ పళ్ళేలు మాత్రం మొదటిరోజు నుంచీ మచ్చలతో నిండిపోయి, తర్వాత మచ్చకీ మచ్చకీ సందు లేకుండా మీగడ కట్టినట్టు కట్టాయి. శంకరం అక్కడితో ఊరుకోలేదు. మనిషి కడుపులో పులుపు ఉంటుంది, నోట్లో పడిన క్రిముల్లో సగానికి పైగా ఆ పులుపుకే చస్తాయి. అందుకని రెండు బుడ్డీల్లోంచీ కొంత కొంత తీసి నిమ్మరసం కలిపాడు. వట్టి నీళ్ళలోవి తెల్లారేసరికి చచ్చూరుకున్నాయి. బలభీమలోవి నిక్షేపంగా బతికున్నాయి. ప్రోటీను ఆ పులుపుని తను మింగేసి, క్రిములకి గొడుగు పట్టింది.

శంకరానికి పట్టపగ్గాల్లేవు. "చూశావా ఏసుదాసూ! చూశావా! ఇక వాడి పని అయిపోయింది."

ఏసుదాసు పళ్ళెంలోకి తొంగి చూశాడు. "ఆయ్, చూశానండి. బాగా బలిసినాయండి."

ఆ మాట శంకరం చెవిన పడలేదు. పడినా దాన్ని పట్టించుకునే మనిషి కాడు. అటెండర్లు మాట్లాడేది వినాలని అతను చదివిన ఏ పుస్తకంలోనూ రాసిలేదు.

చిత్రమేమిటంటే, ఈ వారం పొడుగునా ఇంట్లో ఆ మరచెంబు దుప్పటిముక్క కప్పుకుని ఆ మూలనే ఉంది. మేనల్లుడు రోజూ అదే తాగుతున్నాడు. శంకరం పొద్దున్నే దాన్ని దాటుకునే కాలేజీకి వెళ్ళేవాడు. లాబరేటరీలో పళ్ళెం చూసి ఎగిరి గంతేసేవాడు. మళ్ళీ సాయంత్రం దాన్ని దాటుకునే లోపలికొచ్చేవాడు. శనివారం కానీ, అనుకునేవాడు. శనివారం అందరి ముందూ తెల్లమొహం వేస్తేగాని వీళ్ళకి బుద్ధి రాదు. ఆ పసివాడి ప్రాణం మీద అతనికి ప్రేమ లేదనుకునేరు, ఉంది. కానీ గెలుపు మీద ఉన్నంత లేదు. నిజం చెప్పుకోవద్దూ!

శనివారం వచ్చింది. కాలేజీ అంతా తోరణాలు. ఒక గదిలో ఎముకల గూడు, ఒక గదిలో కప్ప గుండెకాయ, వాటికి పెద్దగా జనం లేరు. లెక్చరరు గారికీ మస్కట్ మాణిక్యాలరావుకీ తగువని ఊళ్ళో పాకిపోయింది. బోటనీ గదిలో ఇసకేస్తే రాలనంత జనం. ముందు వరసలో శంకరం దగ్గరుండి రెండు కుర్చీలు వేయించాడు, ఒకటి తల్లికి, ఒకటి పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకున్న శారదకి. మాణిక్యాలరావు తెల్లచొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని, తలుపు పక్కన ఒద్దికగా నిలబడ్డాడు.

శంకరం గొంతు సవరించుకున్నాడు. "మీలో చాలామందికి ఇది అర్థం కాదు" అని మొదలెట్టాడు. సభకి వచ్చినవాళ్ళని అంతకన్నా గౌరవంగా ఆహ్వానించడం అతనికి చేతకాదు. ఆ తర్వాత పావుగంటసేపు ఏవేవో ఇంగ్లీషు మాటలు దొర్లించాడు. చివరికి పళ్ళేల మీద కప్పిన గుడ్డ లాగాడు.

"ఇదిగో! ఇవి వట్టి నీళ్ళలో క్రిములు. వారం తిరక్కుండా చచ్చాయి. ఇవి బలభీమ పౌడరు నీళ్ళలో క్రిములు. ఒక్కటి చావలేదు సరికదా, ఒక్కోటి లక్ష అయింది. నిమ్మరసం పోసినా చావలేదు!"

అని, జనం హాహాకారాలు చేస్తారని ఆగాడు.

జనం ముందుకి వంగి పళ్ళేలు చూశారు. కొబ్బరికాయల వ్యాపారం చేసే వీరబాబు, పెద్ద మీసాల మనిషి, చెయ్యెత్తాడు.

"మేస్టారండీ, ఓ మాటడుగుతానండి. పౌడరు లేనియ్యి చచ్చిపోయినాయి. పౌడరు తాగినియ్యి బతికినాయి. అంతేగదండీ?"

"అంతే!"

"నిమ్మరసం పోసినా తట్టుకున్నాయాండీ?"

"తట్టుకున్నాయి!" అన్నాడు శంకరం, విజయగర్వంతో బల్ల మీద గుద్ది.

గదిలో ఓ గుసగుస బయల్దేరింది. అది శంకరం ఎదురుచూసిన గుసగుస కాదు. "అబ్బో" అన్నారెవరో. "ఎంత బలం!" అన్నారింకెవరో. అప్పుడు మాణిక్యాలరావు రెండు చేతులూ జోడించి ముందుకొచ్చాడు.

"నేనేం అన్లేదండి. నాకు చదువులేదండి. ఇంత చదువుకున్న మేస్టారు, తవరి చేతుల్తో చేసి, తవరి నోటితో చెప్పేరండి. కంటికి కనపడని పురుక్కే అంత బలం వస్తే, మన బిడ్డలకెంత రావాలండీ!"

చప్పట్లు మోగాయి. ఏసుదాసు కూడా కొట్టాడు.

శంకరం మొహం కందగడ్డ అయింది. అది కాదురా నాయనా, ఈ క్రిములు మీ బిడ్డల కడుపులో చేరితే ప్రాణం తీస్తాయి, అందుకని నిలవుంచకండి అని ఆ క్షణంలో అన్నా సరిపోయేది. నోటిదాకా వచ్చిన మాట వేరు. "ఛీ! పశువులకన్నా కనాకష్టం! మీ బుర్రల్లో పేడ ఉందా, ఏముంది?" అని అరిచాడు. జనం నవ్వారు. మేస్టారికి ఓటమి పట్టడం లేదనుకున్నారు.

ఆ నవ్వుల మధ్యలో శారద ఒక్కతే నవ్వలేదు. పిల్లాణ్ణి భుజానేసుకుని లేచి నిలబడింది. "అన్నయ్యా, నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

అడిగింది. నలుగురిలో నోరు విప్పి అడిగింది. శంకరం ఆమె వంకైనా సరిగ్గా చూడకుండా, "నీకు చెప్పినా ఒకటే, ఈ గోడకి చెప్పినా ఒకటే" అని, గుడ్డ తీసి పళ్ళేల మీద విసిరికొట్టి, జనాన్ని తోసుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

సోమవారానికి మాణిక్యాలరావు షాపులో బలభీమ డబ్బా ఒక్కటి మిగల్లేదు. మామిడికుదురు నుంచీ, కొత్తపేట నుంచీ మనుషులొచ్చి అడిగిపోతున్నారు. 'కాలేజీలో పరీక్ష చేసి మెచ్చినది' అని అట్టముక్క మీద రాయించి షాపు ముందు వేలాడదీశాడు. అందులో అబద్ధం ఎక్కడుందో శంకరం కూడా చూపించలేడు.

ఇంట్లో శేషమ్మ మాత్రం రిక్షాలో తిరిగొస్తూనే తీర్పు చెప్పేసింది. "వాడెంత తిట్టినా నిజం దాచలేకపోయేడే. పుట్టింతర్వాత వాడు ఒక వస్తువుని బాగుందనడం ఇదే మొదలు. రెండు చెంచాలు వేస్తున్నావు కాబోలు, ఇక నుంచి నాలుగు వెయ్యి." డబ్బాని మాత్రం గడప దాటనివ్వలేదు. బలం బలమే, మడి మడే.

శంకరం ఇంట్లో ఎవరితోనూ మాట్లాడ్డం మానేశాడు. అతని అలక సామాన్యమైంది కాదు. అన్నం ముందు కూర్చుని పప్పు వంక చూసి నిట్టూర్చేవాడు, చారు వంక చూసి నిట్టూర్చేవాడు. ఓ పొద్దున్న వసారాలో శారద మరచెంబులోంచి వంచుతుంటే చూశాడు. ఇదివరకటికంటే చిక్కగా, జావలా జారుతోంది. చెంబు మర సందుల్లో నిన్నటిదో మొన్నటిదో పొలుసు కట్టి ఉంది. నోరు తెరిచాడు. శారద తలెత్తి అతని వంక ఆశగా చూసింది కూడా.

"చావండి" అని గొణిగి చెప్పులేసుకున్నాడు.

ఆ మర్నాడే పిల్లాడికి వాంతులు పట్టుకున్నాయి. వాంతుల వెంటే విరోచనాలు. దిష్టి తగిలిందని శేషమ్మ ఉప్పు తీసి పొయ్యిలో వేసింది. మధ్యాహ్నానికి పిల్లాడు ఏడవడం మానేశాడు. ఏడుస్తుంటే ఓ భయం, మానేస్తే వంద భయాలు. కళ్ళు లోపలికి పోయాయి. మాడు మీద చెయ్యి పెడితే గుంటలా తగిలింది. శారద కేక విని శేషమ్మ మడిచీరతోనే వీధిలోకి పరుగెత్తి, కనిపించిన రిక్షాని ఆపి, ఎవరు తగిలారో ఎవరు తాకారో చూసుకోకుండా ఎక్కి కూర్చుంది. కబురందుకుని శంకరం కాలేజీ నుంచి సైకిలు మీద వచ్చాడు. ఆస్పత్రి మెట్ల దగ్గర సైకిలు స్టాండు వెయ్యడం కూడా మరిచిపోయాడు. అది వెనక దబ్బున పడిపోయింది.

లోపల పిల్లాడి కాలికి సూది గుచ్చి సీసా వేలాడదీశారు. శంకరం గోడకి చేరగిలబడి ఆ చుక్కలు పడ్డం చూస్తూ నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి అతనికి ఎవరినీ ఏమీ అనాలనిపించలేదు. భయం వేసింది. ఈ పిల్లాడు బతికితే చాలు, ఇంకేం వద్దు అనుకున్నాడు. ఆ అనుకోవడం నిజమే. ఆ కాస్తసేపూ నిజమే.

దీపాలు పెట్టేవేళకి పిల్లాడు సన్నగా ఏడిచాడు. డాక్టరమ్మ వచ్చి నాడి చూసి, మాడు తడిమి, "ఫరవాలేదమ్మా, టయానికి తెచ్చేరు. గండం గడిచింది" అంది. శేషమ్మ అక్కడే నేల మీద కూలబడి దణ్ణాలు పెట్టింది. శంకరానికి ఒంట్లోకి మళ్ళీ ప్రాణం వచ్చింది. దాంతోపాటు మిగతావన్నీ వచ్చాయి.

"ఏం పడుతున్నారు పిల్లాడికి?" అని డాక్టరమ్మ అడిగింది.

శారద చెప్పింది. పొద్దున్నే కలపడం, మరచెంబు, దుప్పటిముక్క, సాయంత్రం దాకా పట్టడం, అన్నీ చెప్పింది.

"రోజంతా అదేనా? అయ్యో తల్లీ, పాలు మాత్రం అలా ఉంచితే విరిగిపోవూ? ఇదీ అంతేనమ్మా. ఏ పౌడరైనా సరే, అప్పటికప్పుడు వేణ్ణీళ్ళలో కలుపుకోవాలి. గంటలోపు పట్టి, మిగిలింది పారబొయ్యాలి. ఇంతే. దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు. ఇంట్లో చెప్పేవాళ్ళెవరూ లేరా?"

ఆ ప్రశ్న అలాగే గడిచిపోతే శంకరం పరువు దక్కేది. కానీ తనని కూడా తెలియనివాళ్ళ జాబితాలో కట్టేస్తున్నారనేసరికి అతనికి ఆగలేదు. గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చాడు.

"నాకు తెలుసండీ. నేను బోటనీ లెక్చరర్ని. ఆ పౌడరు నీళ్ళలో క్రిములు ఎలా బతుకుతాయో ఋజువు చేసి మరీ చూపించాను. యాసిడ్ని కూడా తట్టుకుంటాయని చూపించాను. ఊరంతా చూసింది. వీళ్ళే వినలేదు."

డాక్టరమ్మ ఏదో అనబోయింది. అంతలో శారద తలెత్తింది.

"ఏం వినలేదు?"

"అదే, నేను చెప్పింది..."

"గంటలో పారబొయ్యమని ఎప్పుడు చెప్పేవు అన్నయ్యా?"

శంకరం నోరు తెరిచాడు. వసారాలో చెప్పానా? కాలేజీలో చెప్పానా? వెతుక్కున్నాడు. కాలవలో పారెయ్యమన్నాడు, గోడ అన్నాడు, చావండన్నాడు. ఎంత వెతికినా ఆ ఒక్క ముక్క ఎక్కడా తగల్లేదు.

"అది వేరే చెప్పాలా? ఆ పళ్ళేలు చూస్తే తెలియదూ?" అన్నాడు చివరికి. గొంతులో ఆ పాత చీదర ఉంది గాని, దానికి ఊపిరి చాలలేదు.

శారద ఏడవలేదు, తిట్టలేదు. పిల్లాడి కాలి మీద ఈగ వాలితే తోలింది. తర్వాత నేల మీద కూర్చున్న తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, రేపు బజార్లో ఓ కిరసనాయిలు స్టవ్వు కొనుక్కొస్తాను. నీ మడికి అడ్డం రాకుండా వసారాలో పెట్టుకుంటాను. ఎప్పటికప్పుడు నీళ్ళు కాచుకుని కలుపుకుంటాను. అన్నయ్యకి మాత్రం చెప్పకు. మళ్ళీ ఊళ్ళోవాళ్ళందరినీ పోగేస్తాడు."

"చెప్పన్లే" అంది శేషమ్మ.

శంకరం మంచానికి అవతలపక్క, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో నిలబడి ఉన్నాడు.